ఒరెగాన్ తీరం వెంట ఇద్దరి క్యాంపింగ్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు మొదలవుతున్నాయనగానే హిల్స్‌బరో, బీవర్టన్, సియాటిల్ వైపు ఉండే తెలుగు జంటల నుంచి అమెరికా పడమటి ఒడ్డున ఉన్న ఒరెగాన్ రాష్ట్రపు తీరంలో క్యాంపింగ్ గురించి ఏటా ఇవే సందేహాలు వస్తుంటాయి. టెంట్ కొనాలా, గది తీసుకోవాలా, అన్నం ఎలా వండుకోవాలి, రాత్రి ఎలుగుబంటి వస్తుందా, సముద్రంలో దిగవచ్చా అని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నిటికీ ఇక్కడే జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## బయలుదేరాలని అనుకుంటున్నప్పుడు

తీరమంతా ఒక్క రోజులో కారులో చూసేయవచ్చట కదా. పది రోజులు ఎందుకు?

ఉత్తరాన ఆస్టోరియా నుంచి దక్షిణాన కాలిఫోర్నియా సరిహద్దు దాకా 101వ నంబరు హైవే పొడవు 363 మైళ్లు, అంటే దాదాపు 584 కిలోమీటర్లు. ఆగకుండా నడిపితే పది, పదకొండు గంటల్లో దాటేయవచ్చు. కానీ ఈ తీరం మన సమయానికి దర్శనమిచ్చేది కాదు. ఉదయం ఏడింటికి నక్షత్రచేపలతో నిండి కనిపించిన రాళ్లు మధ్యాహ్నానికి నీళ్లకింద ఉంటాయి. కేప్ పర్పెటువా దగ్గర థోర్స్ వెల్ అనే రాతి గుంట పోటు సమయంలోనే నీటిని పైకి చిమ్ముతుంది, ఆటు సమయంలో వెళితే అది మామూలు రంధ్రంలా ఉంటుంది. కానన్ బీచ్‌లో 235 అడుగుల హేస్టాక్ రాక్ ఎదురుగా నిలబడినా పొగమంచులో కనిపించని ఉదయాలుంటాయి. అక్కడే టెంట్ వేసుకున్నవారికి మంచు విడిచేదాకా ఉండే వీలుంటుంది, దారిన పోయేవారికి ఉండదు. అందుకే పది, పన్నెండు రాత్రులు పెట్టుకోండి. అంత సెలవు లేకపోతే తీరంలో సగమే ఎంచుకోండి. ఆరు రోజుల్లో మొత్తం చూడాలనుకోవడం కంటే అది చాలా మేలు.

ఏ నెలలో వెళ్లాలి? జూలైలో ఎండలు ఎక్కువగా ఉంటాయా?

ఎండ గురించి భయపడకండి, చలి గురించి ఆలోచించండి. జూలైలో కూడా తీరంలో పగటి ఉష్ణోగ్రత చాలా రోజులు 15 నుంచి 19 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. వేసవిలో వాయవ్యం నుంచి వీచే గాలి పైనీటిని తీరం నుంచి సముద్రం లోపలికి నెట్టేస్తుంది. దాని స్థానంలో అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది, ఆ నీటిమీది గాలి పొగమంచుగా మారుతుంది. పోర్ట్‌లాండ్ 38 డిగ్రీలతో మండిపోతున్న రోజున ఇక్కడ స్వెటర్ వేసుకోవలసి రావచ్చు.

నా సలహా సెప్టెంబరు. గాలి తగ్గుతుంది, మంచు పలచబడుతుంది, బడులు తెరుస్తారు కాబట్టి క్యాంప్‌గ్రౌండ్లు ఖాళీ అవుతాయి. అక్టోబరు మొదటి వారం కూడా బాగానే ఉంటుంది. నవంబరు నుంచి మార్చి దాకా వాన, ఈదురుగాలి. టెంట్‌తో మొదటిసారి వెళ్లేవారికి ఆ కాలం వద్దు.

ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లాలా, దక్షిణం నుంచి ఉత్తరానికా?

ఉత్తరం నుంచి దక్షిణానికే. అమెరికాలో బండి రోడ్డుకు కుడివైపు నడుస్తుంది కాబట్టి దక్షిణానికి వెళ్తుంటే సముద్రం మీ వైపే ఉంటుంది. ఆగి చూసే చోట్లకు ఎదురు వాహనాలను దాటకుండా తేలికగా మళ్లవచ్చు. హైవే పక్కనుండే మైలురాళ్ల అంకెలు కూడా ఉత్తరం నుంచే మొదలై దక్షిణానికి పెరుగుతాయి. పోర్ట్‌లాండ్ నుంచి ఆస్టోరియా వంద మైళ్లలోపే.

మేమిద్దరం ఒక్క రాత్రి కూడా టెంట్‌లో పడుకోలేదు. ముఖ్యంగా మా ఆవిడకు బాత్‌రూమ్‌ల గురించి బెంగగా ఉంది.

ఆ బెంగ సహజమే, కానీ ఈ తీరంలో దానికి కారణం లేదు. ఒరెగాన్ స్టేట్ పార్కుల పెద్ద క్యాంప్‌గ్రౌండ్లలో నీటితో శుభ్రమయ్యే టాయిలెట్లు, వేడినీటి షవర్లు ఉంటాయి. క్యాంప్ చేసేవారు షవర్‌కు విడిగా డబ్బు కట్టనక్కరలేదు. రాత్రి లేవాలంటే టార్చి వేసుకుని కొద్దిదూరం నడవాలి, అంతే. సైట్, అంటే టెంట్ వేసుకోవడానికి కేటాయించే చోటు, బుక్ చేసేటప్పుడు మ్యాప్ చూసి బాత్‌రూమ్‌కు రెండుమూడు సైట్ల దూరంలో ఉన్నదాన్ని ఎంచుకోండి. మరీ పక్కనే ఉంటే రాత్రంతా తలుపు చప్పుడు, లైటు వెలుగు. జాతీయ అటవీశాఖ నడిపే చిన్న క్యాంప్‌గ్రౌండ్లలో మాత్రం షవర్లు ఉండవు. వాటిని మొదటి రెండు రాత్రులకు పెట్టుకోకండి.

యాత్రకు ముందు ఒక శనివారం రాత్రి ఇంటికి దగ్గర్లో ఎక్కడైనా టెంట్ వేసి పడుకుని చూడండి. ఏది తక్కువైందో ఆ ఒక్క రాత్రే చెబుతుంది.

ఈ బీచ్‌లన్నీ నిజంగా అందరివేనా? హోటల్ ముందునుంచి నడిస్తే ఎవరైనా అభ్యంతరం చెబుతారా?

చెప్పలేరు. ఈ తీరం మీద నాకున్న గౌరవానికి ఇదొక పెద్ద కారణం. 1913లో గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ కాలంలో తడి ఇసుక తీరాన్ని ప్రజా రహదారిగా ప్రకటించారు. పొడి ఇసుక ఎవరిదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. 1966లో కానన్ బీచ్‌లో ఒక మోటెల్ యజమాని తన ముందున్న పొడి ఇసుకను అతిథులకే పరిమితం చేస్తూ అడ్డు కట్టడంతో జనం కదిలారు. 1967లో గవర్నర్ టామ్ మెకాల్ సంతకంతో వచ్చిన బీచ్ చట్టం, పచ్చదనం మొదలయ్యే గీత దాకా ఇసుకంతా ప్రజలు వాడుకునే హక్కును నిలబెట్టింది. నిర్భయంగా నడవండి.

అయితే నడిచే హక్కు వేరు, రాత్రి ఉండే హక్కు వేరు. స్టేట్ పార్కుల పక్కన, చాలా పట్టణాల హద్దుల్లో ఇసుకమీద టెంట్ వేసుకుని పడుకోవడం నిషేధం. పోటు వచ్చినప్పుడు ఎంతదూరం వస్తుందో తెలియని చోట అది క్షేమం కూడా కాదు. కొన్ని పట్టణాల్లో, వేసవిలో నిప్పు ఆంక్షలున్న రోజుల్లో బీచ్‌లో మంటకు కూడా అనుమతి ఉండదు. అనుమతి ఉన్నచోట చిన్న మంట చాలు, అదీ పొడి గడ్డికీ, కొట్టుకొచ్చిన దుంగల గుట్టలకూ దూరంగా.

## చోటు దొరికించుకోవడం

ఎప్పుడు చూసినా అన్నీ నిండిపోయినట్టే చూపిస్తోంది. సైట్లు ఎలా దొరుకుతాయి?

స్టేట్ పార్కుల సైట్లను ఆరు నెలల ముందునుంచి బుక్ చేసుకోవచ్చు. జూలై, ఆగస్టు శుక్ర, శనివారాలు తెరిచిన ఉదయమే అయిపోతాయి. ఇద్దరే కాబట్టి మీకు ఒక సౌలభ్యం ఉంది. పిల్లల బడి సెలవులతో పనిలేదు, వారం మధ్యలో వెళ్లవచ్చు. ఆదివారం బయలుదేరి వారాంతపు రాత్రులను తక్కువ రద్దీ ఉండే దక్షిణ తీరానికి పెట్టుకుంటే పని సగం తేలికవుతుంది. కూస్ బే దాటాక జనం బాగా పలచబడతారు.

నిండిపోయిందని వదిలేయకండి. ప్రయాణానికి ముందు వారంలో రద్దయ్యే సైట్లు చాలా ఉంటాయి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి వెతకండి. సయుస్లా జాతీయ అటవీప్రాంతంలోని క్యాంప్‌గ్రౌండ్లకు బుకింగ్ వెబ్‌సైట్ వేరు, చాలామంది అది చూడనే చూడరు. ఒరెగాన్ బయటినుంచి వచ్చేవారికి రుసుము ఎక్కువ పడుతుంది. ఇంకొక మాట. ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని పార్కులను పైపులు, కరెంటు తీగల మరమ్మతుల కోసం నెలల తరబడి మూశారు. పాత యాత్రా వ్యాసాలు చూసి తేదీలు ఖాయం చేసుకోకుండా పార్కు పేజీలో ప్రస్తుత పరిస్థితి చూసుకోండి.

ఎక్కడెక్కడ ఆగాలి? ఒక వరస చెప్పండి.

నేను చెప్పే వరస ఇది. మొదట ఆస్టోరియా దగ్గర ఫోర్ట్ స్టీవెన్స్. 1906లో ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన పీటర్ ఐరడేల్ ఓడ ఇనుప అస్థిపంజరం అక్కడ ఇంకా నిలిచి ఉంది. తరవాత కేప్ లుకౌట్ లేదా నెహేలం బే. అక్కడినుంచి న్యూపోర్ట్ చుట్టుపక్కల బెవర్లీ బీచ్ లేదా సౌత్ బీచ్. నాలుగోది ఫ్లోరెన్స్ దగ్గర హనీమన్, మంచినీటి చెరువు ఒడ్డునే ఇసుక దిబ్బలు లేచే చోటు. అక్కడ మొదలై కూస్ బే వైపు దాదాపు 40 మైళ్లు ఈ దిబ్బలే. ఆ తరవాత సన్‌సెట్ బే లేదా బ్యాండన్ దగ్గర బుల్లర్డ్స్ బీచ్. ఆఖరిది బ్రూకింగ్స్‌లో హారిస్ బీచ్.

ప్రతిచోటా రెండు రాత్రులు ఉండండి. ఈ విషయంలో నేను పట్టుదలగా చెబుతాను. రోజూ టెంట్ విప్పి, మడిచి, మళ్లీ వేసే యాత్రలో నాలుగో రోజుకు ఇద్దరిలో ఒకరికి విసుగు వస్తుంది. రెండు రాత్రులుంటే నడుమ ఒక పూర్తి రోజు కారు తాళం ముట్టుకోకుండా గడపవచ్చు. మజిలీల మధ్య దూరం చాలావరకు 40 నుంచి 80 మైళ్లే. సన్‌సెట్ బే నుంచి వెళితే చివరిది మాత్రం వంద దాకా ఉంటుంది.

సముద్రానికి ఆనుకుని ఉన్న సైటే తీసుకోవాలా?

వద్దు. మధ్యాహ్నం నుంచి వాయవ్య గాలి బలంగా వీస్తుంది, టెంట్ రాత్రంతా రెపరెపలాడుతుంది, ఇసుక అన్నంలోకి వస్తుంది. స్ప్రూస్, పైన్ చెట్ల మధ్య, దిబ్బ వెనకున్న సైటులో నిద్ర పడుతుంది. అలల హోరు అక్కడికీ వినిపిస్తుంది.

యర్ట్ అంటే ఏమిటి? టెంట్ బదులు అది తీసుకోవచ్చా?

గుండ్రంగా, గట్టి నేలతో, గుడ్డ గోడలతో కట్టిన గది. లోపల మంచాలు, లైటు, హీటరు ఉంటాయి. పక్కబట్టలు మీరే తెచ్చుకోవాలి, లోపల వంట చేయకూడదు. యాత్ర నడుమ ఒక మజిలీని యర్ట్‌లో పెట్టుకుంటే తడిసిన సామాన్లు ఆరతాయి, నడుము కుదుటపడుతుంది. యర్ట్‌లు టెంట్ సైట్ల కంటే ముందే అయిపోతాయి, కాబట్టి ముందు దాన్ని ఖాయం చేసుకుని మిగతా తేదీలు దాని చుట్టూ అల్లుకోండి.

## సామాన్లు సర్దేటప్పుడు

చలికి ఏమేమి కావాలి? ఇంట్లోని రజాయిలు సరిపోవా?

రాత్రి ఉష్ణోగ్రత వేసవిలో కూడా పది డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది, గాలిలో తేమ ఎక్కువ. రజాయి తేమ పీల్చుకుని బరువెక్కుతుంది. స్లీపింగ్ బ్యాగ్ మీద రాసి ఉండే ఉష్ణోగ్రత చాలాసార్లు చలిని తట్టుకోగల హద్దును సూచిస్తుంది, హాయిగా పడుకోగలిగేదాన్ని కాదు. సున్నా డిగ్రీలకు దగ్గరగా సూచించినది కొనండి. ఇద్దరికీ కలిపి ఒకటే పెద్దది కాకుండా, జిప్పులతో జోడించుకోగల రెండు విడి బ్యాగులు తీసుకుంటే ఒకరికి ఉక్కపోసినప్పుడు ఇంకొకరు వణకనక్కరలేదు.

ఎక్కువమంది మరిచేది అడుగున వేసుకునే పరుపు. చలి పైనుంచి కంటే నేలనుంచి ఎక్కువ పడుతుంది. మామూలు గాలి పరుపులోని గాలి చల్లబడి వీపులోని వేడిని లాగేస్తుంది. చలిని ఆపే పొర ఉన్న క్యాంపింగ్ ప్యాడ్ కొనండి. డబ్బు ఆదా చేయదలిస్తే టెంట్ దగ్గర చేయండి, ప్యాడ్ దగ్గర వద్దు. ఉన్ని టోపీ, పొడిగా దాచిన ఒక జత మేజోళ్లు పడుకునేటప్పటికి విడిగా ఉంచుకోండి.

మామూలు దుకాణంలో కొన్న చవక టెంట్ చాలదా?

పైకప్పు గుడ్డ నేల దాకా దిగేది అయితే చాలు. నెత్తిమీద చిన్న టోపీలా కప్పే రకం ఇక్కడి గాలివానకు ఆగదు. ఇద్దరికి నలుగురి టెంట్ తీసుకోండి, సంచులు లోపల పెట్టుకోవచ్చు. అడుగున పరిచే టార్పాలిన్ అంచులు టెంట్ బయటికి పొడుచుకురాకూడదు, వస్తే వాననీరు దానిమీదినుంచే లోపలికి చేరుతుంది. ఇసుక నేలలో మామూలు మేకులు నిలవవు, పొడవైనవి తీసుకెళ్లండి. ఉదయం టెంట్ లోపలి గుడ్డ తడిగా ఉంటే కారిందని కంగారు పడకండి, అది మీ ఊపిరి చేసిన తేమ. రాత్రి గాలి ఆడే కిటికీ కొద్దిగా తెరిచి ఉంచితే తగ్గుతుంది.

కట్టెలు ఇంటినుంచి తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లకండి. కట్టెల్లో దాగిన పురుగులు కొత్త అడవికి చేరతాయి. యాష్ చెట్లను చంపే పురుగు 2022లో ఒరెగాన్‌లోని ఫారెస్ట్ గ్రోవ్‌లో బయటపడింది. పార్కులోనో, దగ్గరి ఊళ్లోనో కొనండి.

## దారిలో

పెట్రోలు, ఫోను సిగ్నల్ ఇబ్బంది ఉంటుందా?

పెట్రోలు బంకులు దాదాపు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. దక్షిణాన పట్టణాల మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి ట్యాంకు సగానికి వచ్చినప్పుడు నింపుకోండి. ఒరెగాన్‌లో ఒకప్పుడు ఎవరి పెట్రోలు వారు పోసుకోవడం నిషేధం. 2023 ఆగస్టు నుంచి అనుమతి వచ్చింది. సిగ్నల్ కేప్ పర్పెటువా, హంబగ్ మౌంటెన్ లాంటి కొండ మలుపుల్లో పోతుంది. మ్యాపులు, బుకింగ్ కాగితాలు, ఆటుపోట్ల పట్టిక ఫోనులో దాచుకోండి. బయలుదేరేముందు మీ వరస ఒకరికి చెప్పి ఉంచండి.

రోడ్డు ప్రమాదకరమా? నేను ఘాట్ రోడ్లు నడపలేదు.

మన శ్రీశైలం, అరకు దారులు చూసినవారికి ఇది నెమ్మదైన రోడ్డే. జాగ్రత్త పడవలసింది మలుపుల గురించి కాదు, దుంగల లారీల గురించి, సైకిళ్లమీద తీరమంతా తొక్కేవారి గురించి. వెనక బళ్లు బారులు తీరితే పక్కకు తీసి వాటిని పోనివ్వండి, అది ఇక్కడి మర్యాద. నడిపేవారు సముద్రం చూడకూడదు. చూడాలనిపిస్తే ఆపండి, ఆగడానికి చోట్లు బోలెడు. ఇద్దరూ నడపగలిగితే మధ్యాహ్నం మారండి.

ఏ భాగం మరీ అందంగా ఉంటుంది? ఒక్కటే చెప్పమంటే?

బ్రూకింగ్స్‌కు ఉత్తరాన శామ్యూల్ బోర్డ్‌మన్ సీనిక్ కారిడార్. పన్నెండు మైళ్ల పొడవునా కొండచరియల కింద రాతి తోరణాలు, చిన్న చిన్న ఆకుపచ్చ మడుగులు, వాటి మధ్యలోకి దిగే కాలిబాటలు. అక్కడ క్యాంపింగ్ లేదు. హారిస్ బీచ్‌లో ఉండి ఒక పూర్తి రోజు దీనికే ఇవ్వండి. చాలామంది కానన్ బీచ్ చూసి తీరం చూసేశామనుకుని వెనక్కి తిరుగుతారు. అసలు దృశ్యం ఆఖర్న ఉంది.

రెండో స్థానం యాహాట్స్ నుంచి ఫ్లోరెన్స్ దాకా ఉన్న దారికి ఇస్తాను. కేప్ పర్పెటువా, 1894లో వెలిగిన హెసెటా హెడ్ దీపస్తంభం దానిమీదే ఉన్నాయి. దారిలో వంతెనలు కూడా చూడండి. న్యూపోర్ట్‌లోని యాక్వినా బే వంతెన 1936 నాటిది, కాండీ మెకల్లో అనే ఇంజనీరు రూపకల్పన. కింద దిగి చూస్తేనే దాని కమానుల అందం తెలుస్తుంది.

సైట్ దొరకని రాత్రి రోడ్డు పక్కన కారులో పడుకోవచ్చా?

సముద్రం చూడటానికి ఆగే స్టేట్ పార్కుల పార్కింగ్ స్థలాల్లో రాత్రి ఉండనివ్వరు. దగ్గరి పట్టణంలో మోటెల్ తీసుకోండి, లేదా లోపలి అటవీ క్యాంప్‌గ్రౌండ్లు అడగండి.

## వంట, తిండి

అన్నం లేకుండా ఉండలేం. క్యాంప్‌లో ఎలా వండుకోవాలి?

రెండు పొయ్యిల ప్రొపేన్ స్టవ్, మూడు లీటర్ల కుక్కరు, ఒక మూకుడు. ఇద్దరికి ఇంతకన్నా అక్కరలేదు. గాలికి మంట వాలిపోకుండా స్టవ్‌కు మూడువైపులా అడ్డు ఉండాలి. కరెంటు ఉన్న సైటు తీసుకుంటే ఎలక్ట్రిక్ కుక్కరు పెట్టుకునేవారూ ఉన్నారు, కానీ ఆ సైట్లు పెద్ద వాహనాల మధ్య ఉంటాయి.

హిల్స్‌బరో, బీవర్టన్ దాటాక మన సరుకుల దుకాణం మీద ఆశ పెట్టుకోకండి. సోనామసూరి బియ్యం, కందిపప్పు, చింతపండు, పోపు గింజలు, కందిపొడి, గోంగూర పచ్చడి ఇంటినుంచే రావాలి. చింతపండు నానబెట్టి పిసికే బదులు ముందే గుజ్జు చేసి సీసాలో పెట్టుకోండి. పులిహోర పోపు ఇంట్లోనే చేసి తెస్తే మొదటి రాత్రి, టెంట్ వేసి అలసిపోయినప్పుడు, అన్నం వండి కలపడమే పని. కూరగాయలు, పాలు, పెరుగు ప్రతి పట్టణంలోనూ దొరుకుతాయి. కూలర్‌లో మంచు రోజు విడిచి రోజు మార్చాలి.

గిన్నెలు తాగునీటి కొళాయిల దగ్గర కడగకండి. టబ్బులో కడిగి, మెతుకులు ఏరి చెత్తలో వేసి, నీటిని అందుకోసం పెట్టిన చోట పారబోయండి. అన్నం మెతుకులు నేలమీద పడితే రాత్రి రకూన్లు, అంటే తిండి కోసం చెత్త కెలికే చిన్న అడవి జంతువులు, వస్తాయి.

ఎలుగుబంట్లు వస్తాయా?

ఈ అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, కానీ క్యాంప్‌గ్రౌండ్‌లో మీకు ఎదురయ్యేది ఎక్కువగా రకూను, కాకి. రకూను కూలర్ మూత తెరవగలదు. తిండి, చెత్త, టూత్‌పేస్టు కూడా రాత్రి కారులో పెట్టి తాళం వేయండి. టెంట్‌లో తినుబండారం ఏదీ ఉంచకండి.

పీతలు మనమే పట్టుకోవచ్చట, నిజమేనా?

నిజమే, తీరంలో ఇద్దరికీ బాగా నచ్చే పని ఇదే కావచ్చు. డంజనెస్ పీతలను పడవ లేకుండా రేవుల్లోని చెక్క వంతెనలమీదినుంచే వలబుట్టలతో పట్టుకోవచ్చు. న్యూపోర్ట్, గరిబాల్డి, విన్‌చెస్టర్ బే లాంటి చోట్ల బుట్టలు అద్దెకు దొరుకుతాయి. 12 ఏళ్లు దాటిన ప్రతివారికీ లైసెన్సు కావాలి, అంటే మీ ఇద్దరికీ రెండు. మగ పీతలనే ఉంచుకోవాలి, పెంకు వెడల్పు కనీసం ఐదుముప్పావు అంగుళాలు ఉండాలి. ఒక్కొక్కరు రోజుకు 12కు మించకూడదు. పొట్టకింది పలక వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది, సన్నగా కోసుగా ఉంటే మగది. ఆడదాన్ని, చిన్నదాన్ని వెంటనే నీళ్లలో వదలాలి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. సముద్రపు నాచునుంచి పుట్టే విషాలు పీతల్లో, గుల్లల్లో చేరినప్పుడు ప్రభుత్వం ఆ తీరాన్ని మూసివేస్తుంది. ఆ విషం వండితే పోదు. పట్టే రోజున రాష్ట్ర వ్యవసాయశాఖ ప్రకటన చూడనిదే బుట్ట వేయకండి. అంతా సరిగా ఉంటే పీతల పులుసుకు ఇంతకన్నా మంచి చోటు లేదు. పెంకులు మాత్రం టెంట్‌కు దూరంగా పార్కు చెత్తకుండీలో వేయాలి, ఉడికించిన నీళ్లను గిన్నెల నీళ్లు పారబోసే చోటే పారబోయాలి.

## సముద్రం దగ్గర

సముద్రంలో స్నానం చేయవచ్చా?

వద్దు. సూర్యలంకలోనో, రుషికొండలోనో దిగినట్టు ఇక్కడ దిగకూడదు. నీటి ఉష్ణోగ్రత వేసవిలో కూడా 10 నుంచి 13 డిగ్రీలు. అంత చల్లని నీటిలో హఠాత్తుగా మునిగితే ఊపిరి అదుపు తప్పుతుంది, కొద్ది నిమిషాల్లో చేతులు పట్టు వదులుతాయి. ఒడ్డునుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాలు కూడా బలమైనవి. చీలమండల దాకా తడుపుకోండి చాలు. ఈత కొట్టాలని ఉంటే హనీమన్‌లోని మంచినీటి చెరువు ఉంది.

ఒడ్డున నిలబడితే ప్రమాదమేమిటి? అందరూ ఎందుకంత హెచ్చరిస్తారు?

పది, పదిహేను నిమిషాలు శాంతంగా ఉన్న సముద్రంలోంచి ఉన్నట్టుండి మిగతావాటికంటే చాలా ముందుకు దూసుకొచ్చే కెరటం ఒకటుంటుంది. ముందు సూచన ఏదీ ఉండదు. ఎండ కాస్తున్న రోజున, ఫొటో తీసుకుంటూ సముద్రానికి వీపు పెట్టి నిలబడినవారినే అది తీసుకెళ్లింది. రాళ్లమీద ఉంటే ఇంకా ప్రమాదం. రాయి తడిగా ఉందంటే అక్కడిదాకా నీరు వచ్చిందనే అర్థం, తడి రాయిమీదికి వెళ్లకండి.

రెండోది దుంగలు. ఒడ్డున పడి ఉన్న పెద్ద చెట్టు మొద్దులమీద కూర్చుని ఫొటో తీసుకోవాలనిపిస్తుంది. నీళ్లు తగిలే చోట ఉన్న ఏ మొద్దు మీదా ఎక్కకండి. నానిన మొద్దు టన్నుల బరువుంటుంది, దాన్ని పైకి లేపి దొర్లించడానికి కొన్ని అంగుళాల నీరు చాలు. కిందపడినవారిమీదికి అది దొర్లుతుంది. ఇద్దరిలో ఒకరు ఫొటో తీస్తుంటే ఇంకొకరు సముద్రాన్నే చూస్తూ ఉండాలని ఒక నియమం పెట్టుకోండి.

ఆటుపోట్ల పట్టిక ఎలా చదవాలి?

సుమారు 24 గంటల 50 నిమిషాల్లో రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. రెండు ఆట్లూ సమానం కావు, ఒకటి బాగా లోతుగా దిగుతుంది. పట్టికలో ఆటు అంకె సున్నాకు కింద, మైనస్‌లో ఉన్న రోజున మామూలుగా కనిపించని రాళ్లు బయటపడతాయి. వసంతం, వేసవి నెలల్లో ఆ లోతైన ఆటు ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. ఆటుకు గంట ముందు చేరుకుని, నీరు తిరిగిందని తెలియగానే వెనక్కి నడవడం మొదలుపెట్టండి. కొండముక్కు అవతలి చిన్న బీచ్‌కు నడిచి వెళ్లినవారు తిరిగి వచ్చే దారి నీళ్లతో మూసుకుపోయి చిక్కుకుంటుంటారు.

యాక్వినా హెడ్, హేస్టాక్ రాక్, కేప్ పర్పెటువా చూడవలసిన చోట్లు. నక్షత్రచేపలను, పువ్వుల్లా కనిపించే జీవులైన పచ్చని సముద్రపుష్పాలను రాతినుంచి లాగకండి, రాతికి అంటుకుని ఉండే బార్నకిల్స్ అనే చిన్న గుల్లజీవుల మీద కాలు వేయకండి. ఇసుకమీదో, ఖాళీ రాతిమీదో అడుగు పెట్టండి. హేస్టాక్ రాక్ మీద వసంతం నుంచి ఆగస్టు దాకా పఫిన్ పక్షులు గూళ్లు కట్టుకుంటాయి. బైనాక్యులర్ తీసుకెళితే స్పష్టంగా కనిపిస్తాయి. డెపో బే దగ్గర వేసవంతా బూడిదరంగు తిమింగలాలు తిరుగుతుంటాయి.

మార్చి 15 నుంచి సెప్టెంబరు 15 దాకా కొన్ని బీచ్‌లలో పొడి ఇసుకమీద తాళ్లు కట్టి ఉంటాయి. ప్లవర్ అనే చిన్న పిట్ట ఇసుకలోనే గుడ్లు పెడుతుంది, అవి గులకరాళ్లలా ఉంటాయి. తాడు దాటకుండా తడి ఇసుకమీద నడవండి.

సునామీ బోర్డులు చూసి భయం వేసింది. టెంట్‌లో ఉండగా వస్తే?

2004 డిసెంబరు 26 మన కోస్తావారికి గుర్తే కాబట్టి ఈ భయం అర్థమవుతుంది. ఈ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున, భూఫలకాలు కలిసే కాస్కేడియా భ్రంశం ఉంది. 1700 జనవరి 26న అక్కడ వచ్చిన భారీ భూకంపపు సునామీ పసిఫిక్ దాటి జపాన్‌ను తాకింది, జపాన్ రాతల ఆధారంగానే ఆ తేదీ తెలిసింది. అలాంటిది మీ యాత్రలోనే వచ్చే అవకాశం చాలా తక్కువ. కానీ చేయవలసింది తెలిసి ఉండాలి.

నేల గట్టిగా, చాలాసేపు కదిలితే అదే హెచ్చరిక. సైరన్ కోసం, ఫోను సందేశం కోసం చూడకండి. కదలిక ఆగగానే నడిచే ఎత్తుకు వెళ్లండి, కారు కోసం వెనక్కి వెళ్లకండి, రోడ్లు పగిలి ఉండవచ్చు. మీ చేతిలో ఉండేది పదిహేను, ఇరవై నిమిషాలు. తిరిగి రమ్మని అధికారులు చెప్పేదాకా దిగవద్దు, మొదటి అల తరవాత కూడా గంటల తరబడి అలలు వస్తాయి. దూరదేశంలో భూకంపమైతే కొన్ని గంటల వ్యవధి ఉంటుంది. 2011 మార్చిలో జపాన్ సునామీ బ్రూకింగ్స్ రేవును దెబ్బతీసింది. ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌కు చేరిన సాయంత్రం ఎత్తైన చోటుకు దారి చూపే బోర్డును అనుసరించి ఇద్దరూ ఒకసారి నడిచి రండి. చీకట్లో దారి తెలుస్తుంది, మంచి వాహ్యాళి కూడా. చెప్పులు, టార్చి టెంట్ తలుపు దగ్గర ఉంచుకోండి.

## ఇద్దరే ఉన్నప్పుడు

పది రోజులు ఇరవైనాలుగు గంటలూ ఇద్దరమే. గొడవలు రావా?

వస్తాయి, ఎక్కువగా సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య. ఆకలి, అలసట, చీకటి పడుతుందన్న తొందర కలిసే సమయం అది. మందు ఒకటే, చీకటి పడకముందే చేరడం. సైటు అప్పగించే వేళ సాయంత్రం నాలుగు, ఆ వేళకు అక్కడుంటే ఒకరు టెంట్, ఒకరు పొయ్యి చూసుకోవచ్చు. పనులు మొదటిరోజే పంచుకోండి, కానీ మూడోరోజు మార్చుకోండి. వంట అంతా ఆవిడ మీద, టెంట్ అంతా ఆయన మీద పడే పద్ధతి ఇంట్లో ఉన్నా ఇక్కడ వద్దు. వంట చేసినవారు గిన్నెలు కడగకూడదు.

ఇంకొకటి. రోజూ ఒక గంట ఎవరి దారి వారు తీసుకోండి. ఒకరు ఇసుకలో నడుస్తారు, ఇంకొకరు కుర్చీలో పుస్తకం చదువుకుంటారు. విడిగా చూసినవి రాత్రి మంట దగ్గర చెప్పుకోవడానికి మిగులుతాయి. బంగాళాఖాతం ఒడ్డున పుట్టిపెరిగినవారికి సూర్యుడు సముద్రంలోంచి పుట్టడమే అలవాటు. ఇక్కడ సముద్రంలో అస్తమిస్తాడు. జూన్ చివర్లో తొమ్మిది దాకా వెలుగుంటుంది. ఆ గంట మాత్రం కలిసి గడపండి. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా క్యాంప్‌గ్రౌండ్లలో నిశ్శబ్దం పాటించాలి, పాటలు, పెద్ద మాటలు వద్దు.

వరసగా రెండు రోజులు వాన పడితే?

స్టవ్ బల్లమీదికి వచ్చేలా ఒక టార్పాలిన్ చెట్లకు వాలుగా కట్టండి. దానికింద ఉల్లిపాయ పకోడీలు వేసుకోవచ్చు, పుస్తకం చదువుకోవచ్చు. టెంట్ లోపల మాత్రం ఎన్నడూ స్టవ్ వెలిగించకండి. మంటా ప్రమాదమే, కార్బన్ మోనాక్సైడ్ మరీ ప్రమాదం. పగలు టిల్లమూక్ చీజ్ కర్మాగారం, న్యూపోర్ట్ రేవులో అరిచే సీ లయన్లు, ఆస్టోరియా మ్యూజియం చూడండి. రెండోరాత్రి పక్కబట్టలు తడిస్తే మోటెల్ తీసుకోండి. అది ఓటమి కాదు, యాత్రను కాపాడుకోవడం.

## తిరిగి వచ్చేటప్పుడు

బ్రూకింగ్స్ నుంచి వెనక్కి ఏ దారిలో రావాలి?

వచ్చిన దారినే రాకండి. దక్షిణానికి పాతిక మైళ్లు దాటి కాలిఫోర్నియాలోని క్రెసెంట్ సిటీకి వెళ్లి, 199వ నంబరు హైవే పట్టుకుని గ్రాంట్స్ పాస్ చేరితే అక్కడినుంచి ఐ-5 హైవే నేరుగా పోర్ట్‌లాండ్ తెస్తుంది. ఆ దారి జెడెడయా స్మిత్ పార్కులోని రెడ్‌వుడ్ చెట్ల మధ్యనుంచి వెళ్తుంది. ఒక రాత్రి మిగిలితే అక్కడే గడపండి. కాలిఫోర్నియాలో ప్రవేశించేటప్పుడు పండ్లు, కూరగాయల తనిఖీ ఉంటుంది. నిమ్మకాయలు, కరివేపాకు కూడా అడుగుతారు, మిగిలినవి ముందే వాడేయండి.

ఇంటికి వచ్చాక సామాన్లను ఏం చేయాలి?

వచ్చిన రోజే టెంట్‌ను గ్యారేజీలోనో, బాల్కనీలోనో విప్పి ఆరేయండి. తడితో మడిచి పెడితే వారంలో బూజు పడుతుంది, ఆ వాసన మళ్లీ పోదు. జిప్పుల్లోని ఇసుకను పాత బ్రష్షుతో దులపండి, ఉప్పు పట్టిన మేకులను మంచినీళ్లతో కడిగి తుడవండి. స్లీపింగ్ బ్యాగులను సంచిలో కుక్కకుండా అలమారులో వదులుగా వేలాడదీయండి. ప్రొపేన్ డబ్బా స్టవ్ నుంచి విప్పి, ఇంటి లోపల కాకుండా గాలి ఆడే నీడలో ఉంచండి.